చెట్టు తొర్రకి బ్యాకప్ ఉండదు

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఒక ధీమా ఉంటుంది, ఏది పోయినా మళ్ళీ తెచ్చుకోవచ్చని. డేటాబేసు చెడిపోతే నిన్న రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. కొత్త వెర్షన్ తేడా చేస్తే పాతది ఎక్కించెయ్యొచ్చు. సర్వరు కాలిపోయినా ఇంకో ఊళ్ళో దాని నకలు తిరుగుతూనే ఉంటుంది. ఈ ధీమాని మనం ఆఫీసులో వదిలేసి రాము, అడవుల దాకా పట్టుకెళ్తాం. "తవ్వుకోనీండి సార్, తర్వాత మళ్ళీ పెంచుతారుగా" అనేస్తాం. ఆ మాట గురించే ఈ టపా.

ముందు నా సంగతి చెప్పాలి. నేనుండేది పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో. ఇక్కడున్న తెలుగు ఐటీ వాళ్ళలో ఎవరి జీతం గీకి చూసినా కింద కాస్త ఎర్రమట్టి తగుల్తుంది. ఇనుమో, బంగారమో, బాక్సైటో ఏదో ఒక గని పేరు చెప్పుకునే బతుకుతున్నాం. నాదీ అంతే. గని తవ్వకం అయిపోయిన చోట మళ్ళీ అడవి పెంచుతారు కదా, అక్కడ మొక్కల్ని, పిట్టల్ని లెక్కపెట్టే ఎకాలజిస్టులు ఆ లెక్కలు ఎక్కించడానికి ఒక అప్లికేషను వాడతారు. దాని బాగోగులు చూడ్డం నా పని. కాబట్టి గనుల్ని తిట్టే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. కానీ ఈ లెక్కలు తీసే ఒకావిడతో కలిసి కొన్నేళ్ళుగా పనిచేస్తూ, రెండు మూడుసార్లు ఆవిడ వెంట అడవికి కూడా వెళ్ళాక, "మళ్ళీ పెంచుతారుగా" అన్న మాట వింటే మునుపట్లా తలాడించలేకపోతున్నాను.

పెర్త్‌కి తూర్పున, దక్షిణాన డార్లింగ్ కొండల వరసలో జారా అడవి ఉంది. జారా అంటే యూకలిప్టస్‌లో ఒక రకం. మన ఊళ్ళ పక్కన జామాయిల్ తోటలు చూసి యూకలిప్టస్ అంటేనే మొహం చిట్లించేవాళ్ళు ఒక్కసారి దీన్ని దాని సొంతూళ్ళో చూడాలి. నూంగార్ ప్రజలు వేల ఏళ్ళుగా బతికిన నేల ఇది. ప్రపంచంలో జీవవైవిధ్యం బాగా ఎక్కువగా ఉండి, బాగా ఎక్కువగా ప్రమాదంలో ఉన్న చోట్లని 2000 లో శాస్త్రవేత్తలు ఒక పట్టీ వేశారు. అందులో మన పడమటి కనుమలూ ఉన్నాయి, ఈ నైరుతి ఆస్ట్రేలియా కూడా ఉంది.

ఈ అడవి కింద బాక్సైటు ఉంది. 1963 నుంచి అల్కోవా కంపెనీ తవ్వుతోంది. ఇక్కడి బాక్సైటు పైపైనే, కొద్ది మీటర్ల మందంలో పరుచుకుని ఉంటుంది. అందుకని పాతాళానికి గొయ్యి తవ్వరు, అడవిని ముక్కలు ముక్కలుగా ఒలుచుకుంటూ పోతారు. చెట్లు కొట్టి, మట్టి పక్కకి తీసి, ఖనిజం పట్టుకెళ్ళి, మళ్ళీ మట్టి కప్పి మొక్కలు పెంచుతారు. ఈ పెంచడం 1966 లోనే మొదలైంది. అప్పట్లో వేసినవి పైన్ చెట్లు, ఆస్ట్రేలియా తూర్పు రాష్ట్రాల యూకలిప్టస్‌లు. స్థానిక జారా ఎందుకు వెయ్యలేదూ అంటే దానికొక తెగులుంది. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి మట్టిలో ఉండి వేళ్ళని కుళ్ళబెట్టేస్తుంది. (అందుకే ఈ అడవిలోకి వెళ్ళేముందు బూట్లు, బండి టైర్లు కడుక్కోవాలి. మొదటిసారి నాతో కడిగిస్తే గుడికెళ్తున్నామేమో అనుకున్నాను.) 1988 నుంచి మాత్రం జారా, మర్రీ అనే స్థానిక చెట్లే వేస్తున్నారు. మర్రీ అంటే మన మర్రి కాదు, ఇది కూడా యూకలిప్టస్‌కి దగ్గర చుట్టమే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ పని వెనకున్న తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. అడవి విత్తనాలన్నీ దాదాపుగా పై కొద్ది సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టిని కుప్పపోసి ఉంచితే విత్తనాలు చచ్చిపోతాయి. అందుకని ఒక చోట ఒలిచిన పైమట్టిని వెంటనే, తవ్వకం పూర్తయిన ఇంకో చోట పరుస్తారు. యంత్రాల బరువుకి కింద నేల గట్టిపడిపోతుంది కాబట్టి బుల్‌డోజరుకి పెద్ద కర్రు తగిలించి వాలుకి అడ్డంగా లోతుగా దున్నుతారు. వాన నీళ్ళు జారిపోకుండా ఇంకుతాయి, వేళ్ళూ దిగుతాయి. విత్తనంతో రాని మొండి మొక్కల్ని ప్రయోగశాలలో కణజాలంతో పెంచి తెచ్చి నాటుతారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పొగ కథ. ఇక్కడి విత్తనాలు చాలావాటికి నీళ్ళు పోసినా, ఎరువేసినా చలనం ఉండదు. అడవి తగలబడి పొగ తగిలితేనే "సరే, పైన చోటు ఖాళీ అయింది" అని మొలకెత్తుతాయి. ఈ గుణాన్ని ముందు దక్షిణాఫ్రికాలో 1990 లో బయటపెట్టారు. తర్వాత పెర్త్‌లో కింగ్స్ పార్క్ శాస్త్రవేత్త కింగ్స్లీ డిక్సన్ బృందం ఇక్కడి మొక్కల మీద చూస్తే ఎన్నో జాతులు పొగకి లేచాయి. పొగలో వేలాది రసాయనాలుంటాయి, వాటిలో ఆ పని చేసేది ఏది? వెతగ్గా వెతగ్గా 2004 లో దొరికింది. పొగకి నూంగార్ భాషలో ఉన్న 'కర్రిక్' అనే మాట మీదుగా ఆ రసాయనాల కుటుంబానికి కర్రికిన్‌లు అని పేరు పెట్టారు. బగ్ ఎక్కడుందో పట్టుకోడానికి వారం పడితే జుట్టు పీక్కునే మనం, ఈ పనికి దండం పెట్టాల్సిందే.

ఇలా చేసుకుంటూ వచ్చి 2001 నాటికి ఒక మైలురాయి అందుకున్నారు. పదిహేను నెలల వయసున్న కొత్త అడవిలో ఎన్ని మొక్కజాతులున్నాయో, తవ్వని అడవిలో అంతే చోటులో ఎన్నున్నాయో పోల్చి చూస్తే సగటున నూటికి నూరు శాతం! ప్రపంచంలో గని తవ్విన చోట ఇంత సాధించినవాళ్ళు అరుదు. ఇది వింటే ఎవరికైనా "మరింకేం, బ్యాకప్ పనిచేసినట్టేగా" అనిపిస్తుంది.

ఇక్కడే మా ఎకాలజిస్టు గారి పని మొదలవుతుంది. ఆవిడ చేసేది చూడ్డానికి మహా విసుగు పని. తాడు కట్టి గీసిన గడిలో మోకాళ్ళ మీద కూర్చుని, అంగుళమంత మొక్కని భూతద్దంతో చూసి, పేరు రాసుకుని, పక్క మొక్కకి జరగడం. రోజంతా అదే. కానీ ఆవిడ లెక్కల్లో ఇంకో అడవి కనిపిస్తుంది. జాతుల సంఖ్య సరిపోయినా వాటి పాళ్ళు సరిపోవు. విత్తనంతో గబగబా వచ్చే తుమ్మ కుటుంబం మొక్కలు గుంపులుగా ఉంటాయి. మంటకి పైన కాలిపోయినా వేరు నుంచి మళ్ళీ చిగురించే మొక్కలు, నెమ్మదిగా నూరేళ్ళు బతికే రకాలు తక్కువగా ఉంటాయి. టెస్టు కేసులన్నీ పచ్చగా పాసై, ప్రోగ్రాం మాత్రం వేరేగా నడవడం మనకి తెలియనిదా!

ఇక జంతువుల దగ్గరికొస్తే అసలు చిక్కు బయటపడుతుంది. ఈ అడవిలో నంబాట్ అనే చారల జంతువుంది, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర జంతువు అదే. తినేది చెదపురుగులు, పడుకునేది నేలకి ఒరిగిన బోలు దుంగల్లో. నల్ల కాకటూలు మూడు రకాలున్నాయి. కాకటూ అంటే మన చిలకల బంధువే గానీ కాకి కన్నా పెద్దది. అరుపు వింటే ఆకాశంలో ఎవరో తుప్పు పట్టిన తలుపు తీస్తున్నట్టుంటుంది. కొత్తగా పెంచిన అడవిలో పదేళ్ళు నిండకుండానే ఈ పిట్టలు వచ్చి గింజలు తింటున్నాయి. మంచి కబురే. కానీ గుడ్లు మాత్రం అక్కడ పెట్టవు. పెట్టలేవు. వాటికి తొర్ర కావాలి.

మన దేశంలో అయితే వడ్రంగి పిట్ట చెట్టుని పొడిచి తొర్ర చేస్తుంది, తర్వాత మైనా, చిలకా అందులో కాపురం పెడతాయి. ఆస్ట్రేలియాలో వడ్రంగి పిట్టే లేదు. ఇక్కడ తొర్ర అంటే కాలం చేసిన పని. ముందు ఒక కొమ్మ విరగాలి, ఆ గాయంలోంచి బూజు దిగాలి, చెదలు పట్టాలి, మంటొచ్చి లోపలంతా కాల్చాలి, అయినా చెట్టు చావకుండా బతకాలి. కాకటూ పట్టేంత తొర్ర రావాలంటే వందేళ్ళు చాలవు, చాలా చెట్లకి రెండొందల ఏళ్ళ దాకా పడుతుంది. 1966 లో వేసిన మొట్టమొదటి మొక్కకి ఇప్పటికి సుమారు అరవై ఏళ్ళు. అంటే ఇక్కడ గనుల తర్వాత పెంచిన అడవిలో అన్నిటికన్నా ముసలి చెట్టు కూడా ఈ లెక్కలో ఇంకా పసిపిల్లే.

ఆవిడ అడిగితే కొన్నేళ్ళ క్రితం మా అప్లికేషనులో 'తొర్రలు' అని ఒక గడి పెట్టాం. పెంచిన ప్రతి ప్లాటుకీ అందులో పడేది సున్నా. ప్రతి ఏడాదీ సున్నా. ఒక సమీక్షలో మా మేనేజరు సహజంగానే అడిగాడు, "ఎప్పుడూ సున్నాయే వచ్చే కాలమ్ ఎందుకు? తీసేస్తే స్క్రీను తేలికవుతుంది కదా" అని. నాకూ సబబే అనిపించే ప్రశ్న అది. ఆవిడ అంది, "మిగతా కాలమ్‌లన్నీ మనం ఏం తిరిగిచ్చామో చెప్తాయి. ఏం బాకీ ఉన్నామో చెప్పేది ఇదొక్కటే." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాలమ్ ఉంచాలని నేనూ వాదించాను. ఉంది. పైవాళ్ళు చూసే డాష్‌బోర్డులోకి మాత్రం ఎక్కలేదు. అక్కడ జాతుల శాతం ఒక్కటే, పచ్చ రంగులో.

కృత్రిమ గూళ్ళు పెట్టొచ్చు కదా అంటారా? పెడుతున్నారు, పనిచేస్తున్నాయి కూడా. పెద్ద ప్లాస్టిక్ గొట్టం చెట్టుకి బిగించి, పిట్ట దిగి ఎక్కడానికి లోపల నిచ్చెన పెట్టి, అడుగున చెక్కపొట్టు పోస్తారు. కొరకడానికి కర్రలు కూడా బిగించాలి. తొర్ర గోడ కొరికి పొట్టు రాల్చుకుని దాని మీద గుడ్లు పెట్టడం వీటి అలవాటు. ఆ కర్రలు అరిగిపోతుంటాయి, మార్చాలి. మధ్యలో తేనెటీగలు ఆక్రమిస్తాయి, ఖాళీ చేయించాలి. అంటే నిచ్చెనేసుకుని ఎక్కే మనిషి ఏటా ఉండాలి. ముసలి చెట్టు ఉచితంగా ఇచ్చేదానికి మనం ఏఎంసీ రాయించుకున్నామన్నమాట, రెండొందల ఏళ్ళకి!

2024 లో కర్టిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ జారా పునరుద్ధరణ మొత్తాన్ని అంతర్జాతీయ కొలతతో తూచి ఐదుకి రెండు నక్షత్రాలిచ్చారు. ఆ పరిశోధకుల్లో పొగ కథలో చెప్పిన కింగ్స్లీ డిక్సన్ కూడా ఉన్నాడు. నాకు అది గుర్తుండిపోయింది. ఈ అడవిని తిరిగి మొలిపించే విద్య నేర్పినవాళ్ళలో ఒకాయనే, ఆ విద్యకి హద్దెక్కడుందో కూడా చెప్తున్నాడు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మాది విశాఖపట్నం. చింతపల్లి, జెర్రెల కొండల బాక్సైటు కోసం 2015 లో జీవో 97 వచ్చినప్పుడు మన్యం అంతా అట్టుడికింది. అప్పుడు మా బాబాయి ఫోను చేసి, "మీ దగ్గర తవ్వి మళ్ళీ అడవి చేసేస్తున్నారట కదరా, ఇక్కడెందుకీ గోల?" అన్నాడు. ఆ జీవో 2019 లో రద్దయింది గానీ, ఆ కొండల్లో బాక్సైటు ఎక్కడికీ పోలేదు. ప్రశ్న మళ్ళీ వస్తుంది. బాబాయికి అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెప్తాను: ఇక్కడ అరవై ఏళ్ళుగా డబ్బు, చదువు, ఓపిక అన్నీ పోసినా, వచ్చింది అడవిలో కొంత. మన కొండల మీద కాఫీ తోటలున్నాయి, వాగుల మీద బతికే ఊళ్ళున్నాయి. ఆ కొండ నెత్తిన ఉన్న రాయే నీళ్ళు పట్టి ఉంచి వాగులకి వదుల్తుందని అక్కడి గిరిజనులు అంటారు. వాళ్ళకి ఏ నర్సరీలోంచి ఏం తెచ్చి నాటుతాం?

నా మటుకు నాకు అర్థమైంది ఇది. తవ్వేసిన చోట అడవి పెంచడం గొప్ప పని, తప్పక చెయ్యాల్సిన పని. ఆ పని చేసే వాళ్ళకి ఇంకా డబ్బివ్వాలి, ఇంకా మనుషుల్ని ఇవ్వాలి. కానీ అది పాత గాయానికి మందు. కొత్త గాయం చెయ్యడానికి అనుమతి పత్రం కాదు. ఎవరైనా "మళ్ళీ పెంచుతాం" అంటే రెండు ప్రశ్నలడగండి. ఏ వయసు దాకా పెంచుతారు? అంతవరకూ అందులో ఉండేవాళ్ళు ఎక్కడుండాలి?

పెర్త్ వైపు వచ్చేవాళ్ళుంటే ఒక ఆదివారం డ్వెల్లింగప్ దాకా వెళ్ళి రండి, ఊరికి దక్షిణంగా ఓ వంద కిలోమీటర్లు ఉంటుంది. పెంచిన అడవి, పాత అడవి రెండూ చూడొచ్చు. రెండూ పచ్చగానే ఉంటాయి. తేడా తెలియాలంటే తలెత్తి, కొమ్మ విరిగిన చోట నల్లగా బోలు ఉందేమో చూడాలి. బూట్లు మాత్రం కడుక్కుని వెళ్ళండి.