ఇంజన్ దించిన బండి

మస్కట్‌లోని రూవీలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు మాటెత్తినా మనవాళ్ళు అడిగేది ఒకటే: "ఇంజన్ దించిన బండా?" అంటే ఇంజన్ విప్పి మళ్ళీ కట్టిందా అని. అవునన్నామా, ఇక ఆ కారు గురించి ఒక్క ముక్క వినరు. "వద్దన్నా, దించిన ఇంజను ఎన్నాళ్ళుంటాది? ఆ రియాళ్ళేవో ఇంటికి పంపుకో" అంటాడు రాజంపేట తమ్ముడు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బండి చూడలేదు, చప్పుడు వినలేదు, ఎవరు దించారో ఎందుకు దించారో అడగలేదు. తీర్పు మాత్రం చెప్పేశాడు.

నేను చెబుతున్న బండి వాదీ కబీర్‌లో ఒక షెడ్డులో ఉంది. ఎర్ర మాజ్డా ఆర్‌ఎక్స్-8. ముల్కియా, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, ఒక ఒమానీ కుర్రాడి పేరు మీద ఉంది. ముందు తలుపు తెరిస్తే గానీ వెనక తలుపు తెరుచుకోదు, అదీ ఎదురు దిక్కుకు. అందం సంగతి అలా ఉంచి ఇంజన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇలాంటిది మామూలు కార్లలో దొరకదు. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన రోటరీ పద్ధతిని ఎన్నో కంపెనీలు మోజుపడి పట్టుకుని, చేతులు కాలాక వదిలేశాయి. మాజ్డా ఒక్కటే దశాబ్దాల పాటు పట్టు విడవలేదు. అంచులు ఉబ్బిన త్రికోణాల్లాంటి రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, రెండూ కలిపి 1308. ఇంత చిన్న ఇంజను ఆరు గేర్ల మాన్యువల్ మోడల్లో 9000 ఆర్‌పీఎం దాకా హాయిగా పాడుకుంటూ పోతుంది. 2003లో ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి దీనిదే. ఇక 1991లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా 787బి లో నాలుగు రోటర్లు. అంతకుముందు ఏ జపాన్ కంపెనీ కూడా ఆ రేసు గెలవలేదు. ఆ కారు చప్పుడు విన్నవాడికి మిగతా ఇంజన్లన్నీ గొంతు సవరించుకుంటున్నట్టే అనిపిస్తాయి.

రోటరు మూడు కొనల్లో మూడు సన్నని సీళ్ళు ఉంటాయి. కంప్రెషన్ భారం చాలావరకు వాటి మీదే. అవి అరగకుండా ఇంజను తన ఆయిల్‌ను తానే కొద్దికొద్దిగా లోపలికి చిమ్ముకుంటుంది. అంటే ఆయిల్ తాగడం దాని జబ్బు కాదు, స్వభావం. పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూడనివాడు ఈ బండి కొనకూడదు. సీళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పోతాయి. కాబట్టి ఇన్నేళ్ళ ఆర్‌ఎక్స్-8 ఇంజన్ ఎప్పుడూ దించలేదని ఎవరైనా గొప్పగా చెబితే నాకు సంతోషం కలగదు, భయం వేస్తుంది. దించాల్సిన పని ఇంకా మిగిలే ఉందన్నమాట, ఆ ఖర్చు కొన్నవాడిదే.

పోర్షేలోనూ ఇంతే. 996 తరం 911లో కొన్ని ఇంజన్లు ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు వల్ల నాశనమయ్యాయి. తెలిసినవాడి చేత విప్పించి ఆ బేరింగు మార్పించిన బండి ఉంటే నేను దాన్నే ముందు చూస్తాను.

అసలు అడగాల్సింది మొదటి ఇంజను ఎందుకు పోయిందని. ఇగ్నిషన్ కాయిల్స్ నీరసించాయా? క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి వేడి వెనక్కి తన్నిందా? రేడియేటర్ కారిందా? కారణాన్ని అలాగే ఉంచి ఇంజన్ కడితే రెండోదీ అదే దారి పడుతుంది. హౌసింగు లోపలి క్రోము పూత గీతలు పడి ఉంటే కొత్త సీళ్ళను నెలల్లో తినేస్తుంది. ఒకసారి సనాయాలో, అంటే ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక షెడ్డువాడు "ఇంజన్ పూరా నయా, భాయ్" అంటూ నా ముందు మామూలు కంప్రెషన్ గేజీ బిగించి ఒక్క అంకె చూపించాడు. అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. రోటరుకు మూడు ముఖాలు. పిస్టన్ ఇంజన్ గేజీలో మూడింట్లో ఎక్కువ ఉన్నదే కనిపిస్తుంది, చచ్చిన ముఖం దాక్కుంటుంది. రోటరీ టెస్టరుతో కొలిచిన ఆరు అంకెలు కావాలి, కాగితం మీద కావాలి. బిల్లు ఏదని అడిగితే నవ్వాడు. అంత ఖరీదైన పని చేసి ఏమేం మార్చాడో రాసిపెట్టనివాడు ఆ పని చేశాడని నేనెందుకు నమ్మాలి?

టెస్టరు దొరకకపోతే ఒమాన్ ఎండే సాయపడుతుంది. ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అలాంటి దేశంలో బండిని ఏసీ వేసి బౌషర్ నుంచి అమెరాత్ కొండ రోడ్డు ఎక్కించాలి. పైన ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి మళ్ళీ తిప్పాలి. సీళ్ళు అరిగిన రోటరీ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా లేస్తుంది, వేడి మీద మొరాయిస్తుంది.

రేసుల సంగతే చూడండి. 2017లో బ్లాంక్‌పాన్ ఎండ్యూరెన్స్ కప్ ప్రో-యామ్ టైటిల్ గెలిచిన అహ్మద్ అల్ హార్తీ ఈ మస్కట్ మనిషే. రేసు కార్ల ఇంజన్లను గంటలు లెక్కపెట్టి మరీ దించుతారు. దించలేదంటేనే అక్కడ కంగారు.

నాకు ఇంజన్ దించి కట్టే పని మీద గౌరవం విజయవాడ ఆటోనగర్‌లో కలిగింది. మా మామయ్యకు లేలాండ్ లారీ ఉండేది. బోరుకొచ్చినప్పుడల్లా ఒకే షాపు. అక్కడి మేస్త్రీని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. సిలిండర్‌లో డయల్ గేజీ దించి పైన, మధ్యన, కింద కొలిచేవాడు, మళ్ళీ అడ్డంగా తిప్పి కొలిచేవాడు. ప్రతి అంకెనూ సుద్దముక్కతో బ్లాకు మీదే రాసేవాడు. "సాయంత్రానికి లోడుంది బాబాయ్" అని మామయ్య బతిమాలితే, "లోడు నీది, బోరు నాది. పిస్టన్లు రానీ, వాటిని కొలిచాకే బోరు కొడతా" అనేవాడు. రింగులు కుదురుకునేదాకా బండి మీద పూర్తి బరువు వెయ్యనిచ్చేవాడు కాదు. ఆ లారీ అమ్మినప్పుడు మామయ్య ఇంజన్ పని బిల్లులన్నీ కట్టగట్టి కొనేవాడి చేతిలో పెట్టాడు. ఆ కొన్నాయన నూజివీడు మామిడికాయల వ్యాపారి. బండి చుట్టూ తిరగకుండా ముందు ఆ బిల్లులే చదివాడు. చదివి, క్రాంకు ఎంత గ్రైండింగ్ చేయించారని అడిగాడు. ఆ అంకె మామయ్యకు నోటికొచ్చు.