కొత్తరెడ్డిపాలెపు సమాజమందిరము

గత మాఘమాసమున మా అత్తగారు గతించిరి. నాటినుండి మా యిల్లు కళ తప్పియుండెను. వేసవి సెలవులు రాగానే మా వారు, "నాలుగు దినములు ఎక్కడికైనను పోయివత్తము" అని, మమ్మును పిల్లలను వెంటబెట్టుకొని పుట్టపర్తినుండి బయలుదేరిరి. ధర్మవరమున రైలెక్కి, నంద్యాల మీదుగా గుంటూరు చేరి, అచ్చటనుండి పొన్నూరు త్రోవను పోవు బస్సులో చేబ్రోలున దిగితిమి. మా వారు చరిత్రము బోధించు ఉపాధ్యాయులు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచ్చట కోనేటి నడుమ కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ దేవాలయమును చూడవలెనని వారికి చిరకాలపు కోరిక.

ఆ గుడి చూచిన పిమ్మట వారు, "ఈ ప్రక్కనే కొత్తరెడ్డిపాలెమున యూదుల సమాజమందిరము కలదు, చూతమా?" అనిరి. మేము పరిహాసమనుకొంటిమి. యూదులు కొచ్చిలో నుందురనియు, అచ్చటి మందిరము 1568 నాటిదనియు చదివియుంటిమి గాని, తెలుగు మాటలాడు యూదులను గూర్చి వినలేదు.

వీరు తమ్మును బెనె ఎఫ్రాయిమువారని, అనగా ఎఫ్రాయిము సంతతివారని చెప్పుకొందురు. పెద్దలు మాదిగలు, పొలములలో కూలిచేసి బ్రదుకువారు, ఒకప్పుడు క్రైస్తవమున నుండిరి. షుమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ యను సోదరుల పూనికతో 1980ల చివర, తాము ఇశ్రాయేలు గోత్రములలో తప్పిపోయిన యొక గోత్రమువారమని ప్రకటించి, హీబ్రూ భాషను ఆచారములను నేర్చుకొనసాగిరి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరినిగూర్చి 2013లో ఒక గ్రంథమును ప్రకటించిరి. కుటుంబములు సుమారు 40 మాత్రమే. మణిపురము, మిజోరము లందలి బెనె మెనషే వారిని ఇశ్రాయేలు సంతతిగా 2005లో ఆ దేశపు ప్రధాన మతాచార్యులొకరు అంగీకరించిరి. వీరికి అట్టి భాగ్యము కలుగలేదు.

నాడు శుక్రవారము. సూర్యాస్తమయమునకు ముందే విశ్రాంతిదినపు దీపములు వెలిగింపవలెనని స్త్రీలు త్వరపడుచుండిరి. ఒక వృద్ధురాలు మమ్ము చాపపై కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చెను. మేము శాస్త్రములు చదువుకొన్న యింట పుట్టినవారము. మా నాయనమ్మయే యుండిన ఆ చెంబును ముట్టనిచ్చెడిది కాదు. మేము త్రాగితిమి. ఇన్నాళ్లు దీనిని ఒక సంగతిగా తలచుటయే సిగ్గు.

యూదుల ఆచారములను మేమడుగగా ఆమె యోపికతో చెప్పెను. మగబిడ్డకు 8వ దినమున సున్నతియు నామకరణమును జరుగును. ఆడుబిడ్డ పేరును మందిరమున ప్రకటింతురు. బాలునకు 13, బాలికకు 12 ఏండ్లు నిండగానే ధర్మభారము వారిదే. పెండ్లి నాలుగు గుంజల పందిరిక్రింద జరుగును. భర్త భార్యకు చేయవలసిన విధులను వ్రాసిన పత్రమును అందరి యెదుట చదువుదురు. జెరూసలేము దేవాలయము క్రీ.శ. 70లో పడిపోయిన దుఃఖమును సంతోషదినమందును మరువరాదని వరుడు గాజుపాత్రను కాలితో పగులగొట్టును. మన బారసాల, మన పెండ్లిపందిరి మాకు గుర్తునకు వచ్చినవి.

మరణమును గూర్చి చెప్పుచు ఆమె యొక ప్రశ్న వేసెను: "మీ యింట ఎవరైనా పోతే, మొదటి ముద్ద ఎవరు పెడతారమ్మా?"

మేము బదులు చెప్పలేకపోతిమి. మాఘమున మా అత్తగారి దేహము ఆసుపత్రి బండిలో వచ్చినపుడు, మేమున్న అద్దెయింటి యజమానుడు గేటు మూసివేసెను. శవము లోనికి వచ్చిన నిల్లు మైలపడుననియు, ఆ మీద అద్దెకు ఎవరును రారనియు అతని వాదము. బండి వీధిలో నిలిచిపోయెను. ఎదుటి సాయిబుగారి యిల్లాలు తమ వాకిట చాప పరచి, "అవ్వని ఇక్కడికి తీసుకురండి" అని పిలిచెను. మా పిల్లలకు పాలును అరటిపండ్లును ఆ తల్లియే యిచ్చెను. అచ్చటినుండియే అత్తగారిని చిత్రావతి యొడ్డునకు చేర్చితిమి.

ఇది చెప్పి మేము కన్నీరు పెట్టుకొంటిమి. ఆమె చాలసేపు ఊరకుండెను. పిదప తమ ధర్మమును వివరించెను. యూదులలో శవమును కడిగి తెల్లని వస్త్రము తొడుగుటకు ప్రత్యేకముగా ఒక సంఘముండును. ధనికునకును పేదకును వస్త్రమొక్కటే. చనిపోయినవాడు తిరిగి మేలు చేయజాలడు గనుక, ఇదియే నిజమైన దయ యందురు. ఖననమైన పిదప తొలి భోజనమును ఇరుగుపొరుగువారే తేవలెను. దుఃఖించువారు తమ యింటి అన్నము తినరాదు. ఆ భోజనమున గ్రుడ్లు, పప్పుగింజలు ఉండును; గుండ్రనివి గనుక బ్రతుకు చక్రమువలె తిరుగునని భావము. 7 దినములు బంధుమిత్రులు వచ్చి కూర్చుందురు. దుఃఖించువాడు పలుకువరకు తాము పలుకరాదు. తల్లిదండ్రులకై బిడ్డలు 11 నెలలు చేయు ప్రార్థనకు పదిమంది కూడవలెను. పూర్వాచారమున పురుషులనే లెక్కింతురు; కొన్ని సమాజములలో ఇప్పుడు స్త్రీలను గూడ లెక్కింతురు. పదిమంది లేనిచో, ఎంత దుఃఖమున్నను ఆ ప్రార్థన సాగదు. ఇంటి దుఃఖమును ఊరి దుఃఖము చేయుటకే ఆ నియమమని మాకు తోచినది. కొద్ది కుటుంబముల వారికి ఒక్కొక్క మనిషి యెంత యవసరమో అప్పుడు తెలిసెను.

సోదరీమణులారా! శుభమునకు పిలిచిన పోవుదుము, అశుభమునకు విన్నంతనే పోవలెనని మన పెద్దలును చెప్పిరి. చెప్పుట కలదు గాని, పోవుట తగ్గుచున్నది. తిరిగివచ్చిన పిదప మా వీధిలో ఏడుగురము స్త్రీలము ఒక నియమము చేసికొంటిమి: ఏ యింట మరణము కలిగినను, వారి ఆచారమునకు తగిన యాహారము తొలిపూట మేమే పంపవలెను, కులమతముల ప్రసక్తి లేదు. సాయిబుగారి యిల్లాలే మాలో మొదటిది.

శ్రావణమున ఆ మొదటి గిన్నె పోయినది మాకు గేటు మూసిన యజమానుని గడపకే. అతని తల్లి గతించెను. అతడు తల వంచుకొని గిన్నె నందుకొనెను. మేమేమియు మాటలాడలేదు. అతడు పలుకువరకు ఆ యరుగుమీదనే కూర్చుంటిమి.