అవ్వ చీర రంగు

బనగానపల్లెలోని మా ఇంటి గోడపై రెండు పటాలుండేవి. ఒకటి, ఈ ఊళ్ళోనే అచ్చమ్మ ఇంట ఆవులు కాచాడని చెప్పుకునే వీరబ్రహ్మేంద్రస్వామిది. రెండవది మా అవ్వది. ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైనది 1839లో. పదిహేడవ శతాబ్దివాడైన స్వామికి ఫోటో ఉండే అవకాశమే లేదు. అయినా ఆయన పటం నిండా రంగులే. ఫోటో ఉన్న అవ్వ మాత్రం నలుపు తెలుపుల్లోనే మిగిలిపోయింది.

ఆ లోటు తీర్చాలని కుంచె పట్టాను. ఫోటో నకలుపై గళ్ళు గీసి, కాగితంపై అదే లెక్కన పెద్ద గళ్ళు గీసుకుని ముఖరేఖలను దించాను. మొదట బొగ్గుతో నీడలు అద్ది, పైన నీటిరంగులు పూశాను. బొగ్గు నీటిలో కలిసి ముఖమంతా మసిబారింది. రెండవసారి పలుచని నీటిరంగులతో మొదలుపెట్టి, ఆరిన తర్వాత చెక్కిళ్ళకు పాస్టెల్, ముడుతలకు రంగు పెన్సిల్ వాడాను. ముఖం పలికింది.

చీర దగ్గర చేయి ఆగిపోయింది. ఫోటోలో అది వట్టి బూడిదరంగు. నాన్న ఆకుపచ్చ అన్నారు. అత్త నేరేడుపండు రంగని పట్టుబట్టింది. ఇద్దరి మాటా తేల్చగలిగినవారు ఇంట్లో ఎవరూ మిగలలేదు.

చివరకు నేరేడురంగే వేశాను. నాన్న పటాన్ని చాలాసేపు చూసి, "చీర మా అమ్మది కాదురా, కండ్లు మాత్రం ఆమెవే" అన్నారు.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పటాలుంటే, రంగులు ఎరిగిన పెద్దలను ఇప్పుడే అడిగి వెనుక రాసిపెట్టుకోండి.