పిక్క పట్టేస్తే ఏం చేద్దాం?

ఆగస్టు ఆఖర్న హైదరాబాద్ మారథాన్ చూడ్డానికి వెళ్తున్నారా? అయితే నా మాట విని పరుగు మొదలయ్యే నెక్లెస్ రోడ్డు దగ్గర నిలబడకండి. అక్కడ అందరూ నవ్వుతూ చేతులూపుతూ పోతుంటారు. పరుగు ముగిసే గచ్చిబౌలి స్టేడియానికి నాలుగైదు కిలోమీటర్లు ఇవతల నిలబడండి. డివైడర్ మీద కూలబడి, రెండు చేతులా పిక్క పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. దగ్గరికెళ్లి చూస్తే చర్మం కింద కండ ఉండకట్టి అదురుతూ ఉంటుంది. పాదం కిందికి వంగి బిర్రబిగుసుకుపోయి ఉంటుంది. కణతల మీద చెమట ఆరిన తెల్లటి చారలు. ఒకాయన "నరం మీద నరం ఎక్కింది" అంటాడు. ఇంకొకావిడ "నీళ్లు సరిగ్గా తాగలేదా బాబూ?" అని అడుగుతుంది. మరొకరు అరటిపండు ఒలిచి చేతిలో పెడతారు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ నిమిషంలో ఆ కాలికి కావలసింది వేరు.

కావలసిందల్లా సాగదీయడం. మోకాలు నిటారుగా చాపించండి. ఒక చేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో కాలివేళ్లను మెల్లగా ఆ మనిషి మోకాలి వైపు వంచండి. కుదిపి లాగొద్దు. అలా వంచి అర నిమిషం పట్టుకుంటే బిగువు సడలడం మీ చేతికే తెలుస్తుంది. మళ్లీ బిగిస్తే మళ్లీ వంచండి. పక్కన ఎవరూ లేకపోతే గోడకి చేతులానించి, పట్టేసిన కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి అదమాలి. తొడ వెనక పట్టేస్తే కాలు చాపి నడుము ముందుకు వంచడం, తొడ ముందు పట్టేస్తే మడమను పిరుదు దగ్గరికి తెచ్చుకోవడం. వదిలాక కాసేపు నడవండి, వెంటనే పరుగందుకోవద్దు.

సాగదీస్తే ఎందుకు వదులుతుందో చెప్తాను, వినండి. కండరం లోపల కొన్ని నాడీ తంతువులున్నాయి. కండరం సాగినప్పుడల్లా "బిగించు" అని వెన్నుపాముకి కబురు పెట్టడం వాటి పని. కండరం చివర, స్నాయువుతో కలిసే చోట ఇంకొన్ని ఉన్నాయి. అవి "చాలు, వదులు" అంటాయి. మామూలప్పుడు రెండూ సరిపోతాయి. కండ బాగా అలిసిపోతే మొదటివాటి మాట హెచ్చుతుంది, రెండోవాటి మాట తగ్గుతుంది. కాలు చాపి వంచినప్పుడు ఆ చివర లాగినట్టయి రెండోవి మళ్లీ పనిలోకి దిగుతాయి. దక్షిణాఫ్రికా డాక్టరు మార్టిన్ ష్వెల్నస్ 1997లో ఈ వివరణ ఇచ్చాడు. తర్వాత అక్కడి దూరపు పరుగుల్లో రక్తం తీసి చూస్తే, కాళ్లు పట్టేసినవాళ్లకీ పట్టేయనివాళ్లకీ ఒంట్లో నీటి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉప్పులో కనబడ్డ కాస్త తేడా కూడా లెక్కలోకి వచ్చేది కాదు.

అలాగని ఉప్పు మాట కొట్టిపారేయను. గంటల తరబడి చెమటోడ్చి, చొక్కా మీద తెల్లచారలు పడేవాళ్లకి ఉప్పేసిన మజ్జిగో, ఉప్పు నిమ్మకాయ నీళ్లో తప్పకుండా కావాలి. వట్టి నీళ్లే కడుపు నిండా తాగుతూ పరిగెత్తడం మాత్రం ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే నూటికి 13 మందికి సోడియం తగ్గిపోయి ఉంది. దాహం వేసినప్పుడు తాగండి, చాలు. ఓఆర్ఎస్ కావాలంటే లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి కలిపే మందుల షాపు ప్యాకెట్ కొనండి. తీపి పానీయాల డబ్బాల మీద ఆ పేరు వేసుకోవడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025లో ఆహార భద్రతా సంస్థ దాన్ని ఆపించింది. ఆమెకి మనమంతా రుణపడి ఉన్నాం.

ఇంకో వింత ఉంది. అమెరికాలో కెవిన్ మిల్లర్ బృందం 2010లో కొందరి చీలమండ దగ్గర నరానికి కరెంటు పెట్టి కాలి బొటనవేలి కండ పట్టేసేలా చేసి, దోసకాయ ఊరగాయ నీళ్లు తాగించింది. మంచినీళ్లు తాగినప్పటికంటే త్వరగా, ఒకటిన్నర నిమిషంలోపే బిగువు వదిలింది. అంత కొద్దిసేపట్లో ఉప్పు రక్తంలోకి చేరదు. గొంతులో తగిలిన పులుపు ఘాటుకే నాడులు సర్దుకుని ఉంటాయని వాళ్ల అంచనా. రసాయనశాస్త్రంలో 2003 నోబెల్ అందుకున్న రోడెరిక్ మాకిన్నన్‌కి సముద్రంలో పడవ నడుపుతుంటే కండరాలు పట్టేసేవట. ఆయన అల్లం, దాల్చినచెక్క, మిరప ఘాటుతో ఒక పానీయమే తయారుచేయించాడు. అందుకని పరుగులో ఆవకాయ నాకమని చెప్పను, నూనె కడుపులో తిప్పుతుంది. పచ్చిమిర్చి, అల్లం దంచి వేసిన పల్చటి మజ్జిగ అయితే నాకు అభ్యంతరం లేదు, అలవాటున్నవాళ్లు తాగొచ్చు.

డొక్కలో పోటు మాత్రం వేరే సంగతి. రెండు గంటల లోపు బాగా తిని పరిగెత్తినా, తీపి నీళ్లు ఎక్కువ తాగినా వస్తుంది. వేగం తగ్గించి, కొంచెం ముందుకు వంగి, పోటున్న చోట వేళ్లతో నొక్కుతూ దీర్ఘంగా ఊపిరి వదలండి.

భయపడాల్సిన గుర్తులు కూడా చెప్పాలి. పరుగు తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, రోజులు గడిచినా తగ్గకపోయినా అంతే. ఎండలో కాళ్లు పట్టేసిన మనిషి మాట తడబడితే, సాగదీస్తూ కూర్చోకండి, నీడకి చేర్చి ఒళ్లంతా తడిపి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

అసలు పట్టేయకుండా ఉండాలంటే? అలవాటు లేని వేగం, అలవాటు లేని ఎత్తు, ఈ రెండే ఎక్కువమందిని కూలదోస్తాయి. హైదరాబాద్ దారంతా ఫ్లైఓవర్లే. పార్కులో చదును నేల మీద సాధన చేసి, పరుగు రోజున మొదటి పది కిలోమీటర్లు జనంతో పాటు ఊపులో పోతే, ఆ అప్పు చివర పిక్క తీర్చాల్సిందే. కాబట్టి ఈ ఆగస్టుకి పేరు ఇచ్చినవాళ్లు వారానికోసారి ఎత్తున్న రోడ్డు మీద పరిగెత్తండి. రోజూ సాయంత్రం మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడి, మడమలు లేపుతూ నెమ్మదిగా దించుతూ ఉండండి. అలిసేదాకా చేయండి. మొదటి ఫ్లైఓవర్ మీద మిమ్మల్ని దాటిపోయేవాళ్లని పోనివ్వండి.