ఫార్మాట్ కొడితే పోయే జబ్బు కాదు

కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా మన దగ్గర మందు ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం. స్లో అయిందా, ఫార్మాట్. వైరస్ వచ్చిందా, ఫార్మాట్. బ్రౌజర్ ఉన్నట్టుండి మూసుకుపోతోందా, అదీ ఫార్మాటే. దానికీ లొంగకపోతే "పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి". రిపేర్ షాపుల వాళ్ళని అని లాభం లేదు. రోజంతా కోర్ డంపులు చదివే మనం కూడా ఇంటి నుంచి ఫోనొస్తే ఇదే సలహా ఇస్తాం. ఆఫీసులో ఒక్క ప్రొడక్షన్ క్రాష్‌కి రూట్ కాజ్ కావాలని అందరి ప్రాణాలూ తీసే మనుషులం, ఇంట్లో కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి "ఎందుకు?" అని అడగడం మానేస్తాం. నాకీ పద్ధతి నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలంటే మంథనిలో మా మేనమామ కంప్యూటర్ సంగతి చెప్పాలి.

మంథని గోదావరి ఒడ్డున ఉంటుంది. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి పెద్దపల్లి జిల్లా. బయటివాళ్ళకి పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాకా ఎమ్మెల్యేగా ఉన్న ఊరుగానో, వేదపండితుల ఊరుగానో తెలుసు. మామ సర్కారు బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకో పిచ్చి ఉంది, పెండ్లి పాటలు. మంథనిలో, చుట్టుపక్కల ఊళ్ళలో ముసలమ్మల దగ్గర కూర్చుని నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు విని నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. 2010లో కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుని, డీటీపీ చేసే ఒకబ్బాయి దగ్గర పేజ్‌మేకర్ నేర్చుకుని, అన్నీ అను ఫాంట్లలో ఎక్కించడం మొదలుపెట్టాడు. రోజుకో పాట. మొత్తం నాలుగొందల పేజీల పైచిలుకు అయింది.

2022 జులైలో గోదావరి పొంగి మంథనిలోకి నీళ్ళు వచ్చినప్పుడు మామ సీపీయూని అటక మీదికి ఎక్కించాడు. నోటుబుక్కుల పెట్టె కింద ఉండిపోయింది. నీళ్ళు తీసేశాక పెట్టెలో మిగిలింది నీలిసిరా ముద్ద. అంటే ఇప్పుడు పాటలన్నీ ఆ ఒక్క మిషన్లోనే ఉన్నాయి. నా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ కాపీ ఉంది కానీ అది 2016 నాటిది.

అను ఫాంట్ల సంగతి ఈ తరం పిల్లలకి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. కానీ విండోస్‌లో తెలుగు సరిగ్గా కనబడటం ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది. అదీ కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెడితేనే. ఈలోగా అచ్చు ప్రపంచం వేరే దారి పట్టింది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట పెట్టి పని నడిపించేశారు. ఆ ఫాంటు లేని మిషన్లో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత అడోబీ వాళ్ళు దాన్ని వదిలేశారు. కాబట్టి మామకి "కొత్తది కొనుక్కో" అనడమంటే "నీ పాటలు చదవలేని మిషను కొనుక్కో" అనడమే.

ఇక క్రాష్ కథ. మనవరాళ్ళ ఫోన్లలో పాటలు కనబడాలంటే యూనికోడ్ కావాలి. మామ పేజ్‌మేకర్లో ఒక పాట కాపీ చేసి, బ్రౌజర్లో కన్వర్టర్ పేజీ తెరిచి అతికించి, వచ్చినదాన్ని వరసగా చదివి దిద్ది దాచుకుంటాడు. (స్క్రిప్ట్ రాసి ఒక్క రాత్రిలో మొత్తం అవగొడతానన్నాను. "నువ్వు అవగొడ్తవు, వత్తులన్నీ తారుమారైతే సదివెడిదెవ్వలు?" అన్నాడు. న్యాయమే.) పాట సగంలో ఉండగా బ్రౌజర్ మాయం. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మాయం. ఒకరోజు నాలుగుసార్లు, ఇంకోరోజు ఒక్కసారీ లేదు. పేజ్‌మేకర్ మాత్రం బండరాయిలా కూర్చుని పనిచేస్తుంది.

ఊళ్ళో మెకానిక్ యథావిధిగా ఫార్మాట్ కొడతానన్నాడు. మామకి మాత్రం సొంత సిద్ధాంతం ఒకటి తయారైంది. "గీ 'జ్ఞ' అక్షరం తోనే సచ్చిపోతున్నదిరా ఇది. నువ్వే చెప్పినవ్ గద!" అన్నాడు. చెప్పిన మాట నిజమే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని పడగొట్టిన తెలుగు అక్షరం మీకు గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా'లో 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దూరితే, దాన్ని గీయబోయిన యాప్ అక్కడికక్కడే కూలిపోయేది. మనం సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపేది ఈ క్యారెక్టరే. హల్లుకీ గుణింతానికీ మధ్య దానికి పనే లేదు, కానీ పనిలేని చోటే కదా బగ్గులు దొరికేది :) బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి కూర్పులు ఉన్నాయని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం వల్ల ఫోను పోయిందని మనవాళ్ళు వేసుకున్న జోకులు ఇంకా గుర్తే.

నేను వెళ్ళేసరికి మామ 'ఆజ్ఞ', 'యజ్ఞం' లాంటి మాటలున్న పాటలన్నీ పక్కన పెట్టేసి మిగతావి ఎక్కిస్తున్నాడు! "మామా, గది ఐఫోన్ల ముచ్చట, దీనికి సంబంధం లేదు" అంటే ఒప్పుకోడు. కానీ ఆయన్ని మెచ్చుకోవాలి. కారణం తప్పయినా, కారణం వెతికింది ఆయనొక్కడే.

పని మొదలుపెట్టాను. గడియారం 2009 జనవరి చూపిస్తోంది. మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది. తేదీ తప్పయితే సెక్యూర్ సైట్లన్నీ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, అది వేరే గోల. ముప్పై రూపాయల బ్యాటరీతో పోయింది. బ్రౌజర్‌కి కొత్త ప్రొఫైల్ చేశాను. ఎవరు వేశారో తెలియని మూడు టూల్‌బార్లు తీసేశాను. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపాను. బ్రౌజర్‌ని కొత్తది వేద్దామంటే ఎక్కువ దారులు లేవు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. దాని మీద నడిచే ఆఖరి క్రోమ్ 2023లో వచ్చిన 109, ఫైర్‌ఫాక్స్ అయితే 115. ఇవన్నీ చేశాక కూడా సాయంత్రానికి రెండుసార్లు పడింది.

అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. నిజానికి మొదట తెరవాల్సింది ఇదే అని ఎవరికైనా చెప్తాను, ఎందుకంటే అక్కడ క్రాష్‌ల చరిత్ర అంతా ఉంటుంది. యాక్సెస్ వయొలేషన్లు వరసగా ఉన్నాయి. చూడాల్సింది ఆ పేరు కాదు, దాని పక్కన ఉండే ఫాల్ట్ మాడ్యూల్. ఒకసారి జావాస్క్రిప్ట్ ఇంజిన్, ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్, ఒకసారి విండోస్ సొంత లైబ్రరీ, ఒకసారి ఫాంట్లు గీసేది. ప్రతిసారీ ఒకేచోట పడితే అది ఎవరో రాసిన బగ్. ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంటే అన్నిటి కిందా ఉన్న నేలని అనుమానించాలి.

రాత్రి యూఎస్‌బీ మీద మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాం. పొద్దున తెర మీద ఎర్ర గీతలు. అన్నీ దాదాపు ఒకే అడ్రస్ దగ్గర, ఎప్పుడూ ఒకే బిట్. ర్యామ్ స్టిక్కులు తీసి బంగారు పూత మీద పెన్సిల్ రబ్బరుతో రుద్దాను (నవ్వకండి, ముంపు తేమ పట్టిన కాంటాక్టులకి ఇది నిజంగా పనిచేస్తుంది). ఈసారి చేయలేదు. ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూస్తే ఒకటి శుభ్రంగా ఉంది, రెండోది పోయింది.

"మరి పేజ్‌మేకర్ ఎందుకు పడ్తలేదు?" మామ అడిగిన ఈ ప్రశ్న చాలా ఇంటర్వ్యూల్లో నేను విన్న ప్రశ్నలకంటే మంచిది. పెద్ద ఇల్లు, ఒక గదిలో ఒక మూల నేల కుంగింది అనుకోండి. ఇంట్లో ఇద్దరే ఉంటే ఆ మూలకి ఎవరూ పోరు. పెండ్లికి రెండొందల మంది వస్తే ఎవరో ఒకరి కాలు అందులో పడుతుంది. 2001 నాటి పేజ్‌మేకర్‌కి కొన్ని పదుల ఎంబీలు చాలు. ఈ కాలపు బ్రౌజర్ నాలుగు ట్యాబులతో ఒక జీబీ దాటుతుంది. ఇంటినిండా చుట్టాలని దింపేది అదే కాబట్టి, గోతిలో పడేదీ అదే.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో ఏడాదికి 8 శాతం పైగా మెమరీ స్టిక్కులు ఎర్రర్లు చూపించాయి. అవి తప్పుని కనిపెట్టి సరిదిద్దుకునే ఈసీసీ మెమరీలు, అందుకే లెక్క దొరికింది. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు పది లక్షల మామూలు పీసీల క్రాష్ రిపోర్టులు చూస్తే, హార్డ్‌వేర్ వల్ల ఒకసారి పడిన మిషను మళ్ళీ పడే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని తేలింది. ఇళ్ళలో వాడే మిషన్లలో ఈసీసీ దాదాపు ఉండదు. ఈ విషయంలో 2021 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్‌ని ఎడాపెడా కడిగేశాడు. ఆయన నోరు అంతే కానీ, మాట తప్పు కాదనిపిస్తుంది.

ఇంతవరకూ మామూలు రిపేరు కథే. స్టిక్కు తీసి పక్కన పెట్టాక నాకు వేరే భయం పట్టుకుంది. బ్రౌజర్ పడిపోవడం మనకి కనబడింది. కనబడనివి ఎన్ని? ఆ చెడిపోయిన బిట్ మీద ప్రోగ్రాం కోడ్ పడితే క్రాష్. మామ టైప్ చేసిన పాట పడితే? ఏ క్రాషూ ఉండదు. ఒక అక్షరం ఇంకో అక్షరమైపోయి, నిశ్శబ్దంగా సేవ్ అయిపోతుంది. యూనికోడ్ పట్టిక తీసి చూడండి. 'క'కీ 'గ'కీ ఒక్క బిట్ తేడా. 'ర'కీ 'ల'కీ ఒక్కటే. 'ద', 'ధ', 'త', 'థ', 'ప', 'ఫ' కూడా అంతే. 'కాలి' అనే మాట 'గాలి' అయితే ఏ స్పెల్ చెకరూ పట్టుకోలేదు, రెండూ మంచి తెలుగు మాటలే. అను ఫాంట్ల కోడ్‌లో జతలు వేరుగా ఉంటాయి కానీ ప్రమాదం ఒకటే. ఫార్మాట్ కొట్టి ఉంటే బ్రౌజర్ బహుశా ఓ నెల పాటు బుద్ధిగా నడిచేది. మామ సంతోషంగా అదే మెమరీ మీద ఇంకో ముప్పై పాటలు ఎక్కించేవాడు.

నా 2016 కాపీ తీసుకుని రెండిట్లోంచీ ఉత్త టెక్స్ట్ బయటికి తీసి పోల్చాను. పదకొండు తేడాలు వచ్చాయి. తొమ్మిది మామ చేత్తో దిద్దినవే, ఆయనకి గుర్తున్నాయి. ఒకటి అర్థంలేని మాట, చూడగానే తెలిసిపోయింది. పదకొండోదే కష్టం. ఒక అప్పగింతల పాటలో పాత కాపీలో ఒక మాట, కొత్తదాంట్లో ఇంకో మాట. రెండిటికీ అర్థముంది, రెండూ పాటలో ఇముడుతున్నాయి. మామే ఎప్పుడో దిద్దాడా, టైపింగులో చెయ్యి జారిందా, మెమరీ చేసిన పనా, చెప్పలేం. మామ రెండు రకాలుగానూ పాడి చూశాడు. మళ్ళీ పాడాడు. "ఆమెను అడిగితె ఒక్క నిమిషంల చెప్పు" అన్నాడు. పాడినామె పోయి నాలుగేండ్లయింది. రాసుకున్న నోటుబుక్కు గోదారిపాలు.

2016 తర్వాత ఎక్కించిన నూటయాభై పాటలకైతే పోల్చుకోడానికి అసలేమీ లేదు. ఆ స్టిక్కు ఎప్పటినుంచి పాడైందో చెప్పే లాగ్ ఏదీ లేదు. ఈవెంట్ వ్యూయర్లో మిగిలినవి ఆఖరి కొన్ని నెలలవే.

సెకండ్ హ్యాండ్ డీడీఆర్2 స్టిక్కు ఒకటి నాలుగొందలకి దొరికింది. పెట్టేముందు రెండు రాత్రులు మెమ్‌టెస్ట్ నడిపాను. బ్యాకప్ రెండు చోట్ల పెట్టాను, ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ తీసి పెట్టే చిన్న బ్యాచ్ ఫైలు డెస్క్‌టాప్ మీద ఉంచాను. బ్యాంకు పనులు మాత్రం ఆ మిషన్లో చేయొద్దని గట్టిగా చెప్పాను, ప్యాచ్‌లు ఆగిపోయిన విండోస్ మీద ఆ పని వద్దు.

మామ ఇప్పుడు ఒక్కో పాటనీ కన్వర్ట్ చేశాక గొంతెత్తి పాడి చూసుకుంటున్నాడట, ఏ మాటైనా నాలుకకి అడ్డం పడుతుందేమోనని. అత్తయ్య ఫోన్లో మొత్తుకుంటోంది, పొద్దున్నే ఇంట్లో అప్పగింతల పాటలేమిటని. ఆ పదకొండోదానికి పేజీలో రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసిపెట్టాడు. బ్రౌజర్ మళ్ళీ పడలేదు. పక్కన పెట్టిన 'జ్ఞ' పాటలు ఇప్పుడు ఎక్కిస్తున్నాడు.