గుమ్మంలోనే ఆగిన షూనేమీయురాలు



వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే గదుల కోసం పిల్లలు తిరగడం మొదలవుతుంది. మా సంఘంలో రెండు కుటుంబాలవారు ఈ ఏడు మేడమీద తలా ఒక గది వేసుకున్నారు. బాపట్లలో చదువుకునే పిల్లలకు అద్దెకిస్తే ఇంటి అప్పుకు కాస్త ఆసరా అవుతుందని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన దగ్గర నుంచీ బాపట్ల చదువుల ఊరు. హాస్టల్లో చోటు దొరకని పిల్లలు, హాస్టలు ఖర్చు పెట్టుకోలేని పిల్లలు ఆటోకు అందే దూరంలో ఉన్న పల్లెల్లో కూడా గది వెతుక్కుంటున్నారు. "అయ్యగారూ, మీరూ అమ్మగారూ ఆరేళ్ల నుంచి ముందుగది పిల్లలకు ఇస్తున్నారు గదా, ఏమేం చూసుకోవాలో చెప్పండి" అని అడిగారు. రాసి పెడితే మిగతావారికి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

గది సంగతి వచ్చినప్పుడల్లా మేమిద్దరం తెరిచేది రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం. షూనేములో ఒక ఘనురాలు ఎలీషా ప్రవక్త కోసం భర్తతో చెప్పి మిద్దెమీద చిన్న గది కట్టించింది. అందులో నాలుగే వస్తువులు పెట్టించింది: మంచం, బల్ల, పీట, దీపస్తంభం. ఇన్ని వేల ఏళ్లయినా చదువుకునే పిల్లవాడికి కావలసినవి ఇంచుమించు అవే. మన ఇళ్లలో మంచం వేసి, ఫ్యాను బిగించి, "ఫర్నిచర్‌తో సహా గది" అంటాం. బల్ల మాత్రం ఉండదు. పిల్లలు మంచంమీద బోర్లా పడుకుని రికార్డులు రాస్తారు, డ్రాయింగులు గీస్తారు. కాబట్టి ముందు బల్ల కొనండి, కుర్చీ కొనండి. బల్ల దగ్గర ఒక ప్లగ్గు పాయింటు పెట్టించండి. దీపం సంగతి చెప్పనక్కరలేదు. తుపాను గాలికి కరెంటు పోయిందంటే మనవైపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఆ గదిలో లైటుకు కూడా ఒక వైరు లాగండి. షూనేమీయురాలు బీరువా పెట్టలేదు. ఎలీషాకు సామాను లేదు. ఈ పిల్లలకు ఉంటుంది, ఒక గూడైనా కావాలి.

ఇదంతా డబ్బుతో అయ్యే పని. మేము చెప్పాలనుకున్నది తరువాతి వచనాల్లో ఉంది. 15వ వచనంలో ప్రవక్త ఆమెను పిలిపిస్తే, ఆమె వచ్చి ద్వారంలో నిలబడింది. ఇల్లు ఆమెది, గోడ ఆమెది, మంచం ఆమె వేయించినదే. అయినా పిలిస్తే వచ్చింది, వచ్చి గుమ్మంలో ఆగింది. ఈ మాట మీద ప్రసంగం మేము ఎక్కడా వినలేదు గాని, అద్దెకిచ్చే ప్రతి ఇంటివారూ ఒకసారి ఆగి చదవవలసిన మాట అది.

మన పల్లెల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గది అద్దెకిస్తాం, అటకమీద మన మినుముల బస్తా, పెళ్లిళ్ల గిన్నెలు అలాగే ఉంటాయి. పిల్లవాడు కాలేజీకి వెళ్లాక మన దగ్గరున్న తాళంచెవితో తీసుకుని గిన్నె కోసం వెళతాం. వెళ్లినవాళ్లం ఊరికే వస్తామా? ఫ్యాను ఆపామంటాం, పక్క సర్దామంటాం, కవరులో ఏముందో చూస్తాం. అదంతా ప్రేమ అనుకుంటాం. పిల్లల పక్షాన ఆలోచించండి, ముఖ్యంగా ఆడపిల్లలకు ఇచ్చినప్పుడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10, 11 వచనాలు చూస్తే, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం కూడా అప్పు తీసుకున్నవాని ఇంట్లోకి జొరబడకూడదు. బయట నిలబడాలి, వాడే తెచ్చి ఇవ్వాలి. బాకీ ఉన్న పేదవాని గడపకే దేవుడు అంత మర్యాద పెడితే, నెలనెలా డబ్బు కట్టి ఉంటున్నవాని గడపకు ఎంత ఉండాలి? అందుకని, అటక ఖాళీ చేశాకే గది ఇవ్వండి. లోపలి గడియ గట్టిగా ఉందో లేదో చూడండి. రెండో తాళంచెవిని కవరులో పెట్టి అంటించి, దానిమీద ఆ పిల్లలచేతనే సంతకం పెట్టించి దాచండి. మేము అలాగే చేస్తాం. ఆరేళ్లలో ఆ కవరు ఒక్కసారే చించాం, అదీ వాళ్లే తాళం పోగొట్టుకుని అడిగితే.

ఇక డబ్బు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు ఎలా లెక్క, ఇవన్నీ ముందే కాగితంమీద రాయండి. ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. సబ్‌ మీటరు పెడితే మనకు పడిన రేటే వాళ్లకూ వేయండి, యూనిట్లమీద లాభం చూసుకోవద్దు. ఒక పిల్లవాడి విషయంలో నాలుగు నెలల అద్దె ఆగిపోయింది. తండ్రి కౌలు రైతు, మిర్చి కోతకొచ్చాక గాని చేతిలో డబ్బు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడు పడుతుందో తెలియదు. మాకు తెలిసిన ఒక ఇంటాయన "టెన్తు, ఇంటరు సర్టిఫికెట్లు పట్టుకోండి, అప్పుడు దారికొస్తాడు" అని సలహా చెప్పాడు. అలా పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే 24వ అధ్యాయం 6వ వచనంలో తిరగలిని, తిరగలి పైరాతిని తాకట్టు పట్టవద్దని ఉంది. అది ఆ ఇంటి బతుకు గనుక. చదువుకునే పిల్లవాడికి సర్టిఫికెట్లే తిరగలి. మేము పట్టుకోలేదు, అద్దె మాఫీ కూడా చేయలేదు. మాఫీ చేస్తే ఆ పిల్లవాడు మా ముందు తలెత్తి నడవలేడు. మిర్చి అమ్మాక తండ్రి స్వయంగా వచ్చి లెక్క అప్పజెప్పి, టీ తాగి వెళ్లాడు.

ఇంతవరకు ఎవరూ కాదనరు. అసలు చిక్కు వేరే వచ్చింది. ఒక ఏడు మా గదిలో చేరిన ఇద్దరిలో ఒకరు హిందూ కుటుంబం పిల్లవాడు. బల్లమీద వేంకటేశ్వరస్వామి పటం పెట్టుకున్నాడు. మా ఇల్లు మందిరానికి ఆనుకునే ఉంటుంది. బుధవారం కూడికకు వచ్చినవాళ్లకు కిటికీలోంచి పటం కనబడింది. సంఘ పెద్ద ఒకాయన మా దగ్గరకు వచ్చి, "పాస్టరుగారి కప్పు కింద ఇదేమిటి? తీయించండి, లేదా ఖాళీ చేయించండి" అన్నాడు. ఆయన కోపంతో అనలేదు, సంఘం మీద భారంతోనే అన్నాడు.

మేము ఆయనకు అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయం చూపించాం. పౌలు రోమాలో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాడు. చేతికి సంకెల, పక్కన కాపలా సైనికుడు. అలాంటివాడికి ఇల్లు అద్దెకిచ్చిన యజమాని పేరు బైబిలులో లేదు. కాని ఆ ఇంటికి ఎందరో వచ్చారు, పౌలు తన దేవుని గురించి ఏ ఆటంకమూ లేకుండా బోధించాడు. ఆ ఇంటాయన వచ్చి "నా కప్పు కింద ఇదేమిటి?" అని ఉంటే? గది అవసరాన్ని ఆసరా చేసుకుని చెప్పే వాక్యం సువార్త కాదు, బలవంతం. కాదనడానికి వీలున్న చోట చెప్పినదే సువార్త. ఆ పిల్లవాడు అడిగితే మా నిరీక్షణ ఏమిటో చెబుతాం. అడగకపోతే అద్దె తీసుకుని రసీదు ఇస్తాం.

ఇంకొక మాట కూడా అన్నాం. ఆయన కూతురు గుంటూరులో నర్సింగు చదివేటప్పుడు మూడు ఇళ్లలో "మీరేమిటోళ్లు?" అని అడిగి, జవాబు విన్నాక "గది అయిపోయిందమ్మా" అన్నారు. ఆ రాత్రి ఆ బిడ్డ ఫోనులో ఏడ్చింది. ఆయన మా ఇంటికి వచ్చి ప్రార్థన చేయించుకున్నాడు. ఆ ప్రార్థన మాకు గుర్తుంది. అందుకే మా గుమ్మంలో ఆ ప్రశ్న వేయము. ఆధార్ కాపీ తీసుకుంటాం, తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడతాం, అంతే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. బుధవారాల్లో ఆ కిటికీవైపు చూడకుండా కూర్చుంటాడు.

గడప వాళ్లదంటే కట్టుబాట్లు ఉండవని కాదు. మందు, సిగరెట్లు కుదరవని, రాత్రి పదింటికి గేటు వేస్తామని చేరినరోజే చెబుతాం. మా వైపు ఇబ్బందులు కూడా అప్పుడే చెప్పేస్తాం: స్నానాల గది ఒకటే, పొద్దున ఏడింటికి అందరికీ తొందరే. ఆదివారం డ్రమ్ములు మోగుతాయి. నెల చివరి శుక్రవారం రాత్రంతా ప్రార్థన ఉంటుంది. పరీక్షల రోజుల్లో స్పీకరు బాక్సు రోడ్డువైపు తిప్పుతాం. మొన్నటి సెమిస్టరులో మైకు లేకుండానే కానిచ్చాం. గొంతు పోయింది గాని, పాటలు ఎప్పటికంటే బాగా వినిపించాయి.

అదే షూనేమీయురాలు బిడ్డ చనిపోయిన రోజున మాత్రం ఆ గదిలోకి వెళ్లి, ప్రవక్త మంచంమీదే బిడ్డను పడుకోబెట్టి తలుపు వేసింది. కష్టం వచ్చిన రోజున గడప లెక్క వేరు. పోయిన వర్షాకాలంలో అర్ధరాత్రి దాటాక మా తలుపు తట్టారు. రెండో పిల్లవాడికి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది, ఫిట్స్ వచ్చేలా వణుకుతున్నాడు. వెళ్లి ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డెంగ్యూ అన్నారు. ఆ నాలుగు రోజులూ తడిగుడ్డలు మార్చిందీ, గంజి పట్టిందీ పటం పెట్టుకున్న పిల్లవాడే. మేము వంతులవారీగా వెళ్లి వచ్చాం.

ఇప్పుడు ఆ ఇద్దరూ చివరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నారు. సోమవారం ఆఖరి పేపరు. గది తాళంచెవులు రెండూ బల్లమీద పెట్టి వెళతామన్నారు. వాళ్లకోసం, వాళ్ల ఉద్యోగాల కోసం, జూన్‌లో ఆ గదికి రాబోయే పిల్లల కోసం మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.