అనంతపురమున ఆంగ్ల సాహిత్యము

గత చైత్రమున మేము అనంతపురము పోయితిమి. మా మేనకోడలు అచ్చటి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. ఆంగ్లము చదువుచున్నది. రెండేండ్లుగా వేరుసెనగ చేతికి రాకపోవుటచే, పిల్లను చదువు మాన్పించి తోడ్కొని రమ్మని మా అన్నగారు మమ్ము పంపిరి. ఇంగ్లీషు మాటలాడుట నేర్చుటకు రెండేండ్లా యని బంధువుల వెక్కిరింత. మాకును ఆ యనుమానము లేకపోలేదు.

సోదరీమణులారా, ఆ దారి చూచినవారికి మఱపురాదు. ఎఱ్ఱనేలలు, బోడిగుట్టలు, బోసిపోయిన చేలు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తీరము నుండి యింత దూరము వచ్చుసరికి చిక్కిపోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఈ సీమకు ప్రాప్తము. 1968 లో తిరుపతి విశ్వవిద్యాలయమునకు శాఖగా మొదలై, 1981 లో స్వతంత్రమైన విద్యాస్థాన మిది.

వేపచెట్టు నీడను పిల్ల పుస్తకములు చూపెను. చాసరు రచించిన కాంటర్బరీ కథలు, మార్చి నెల కరవును ఏప్రిల్ వాన తీర్చుటతో నారంభమగునట! "వారికి ఏప్రిల్‌లో వాన, మనకు వడగాలి, అత్తా" యని నవ్వెను. ధ్వనిశాస్త్రము, నాటకములు, విమర్శ, ఇన్ని యందు కలవని మే మెఱుగము.

పిదప నొక పుస్తకము తెఱచి, "దీని చివర ఉఱుము 'ద' యని మూడు మాఱులు పలుకును. ఉపనిషత్తు మాట యనిరి. నీకు తెలియునా?" యని యడిగెను. అది టి.ఎస్. ఎలియట్ 1922 లో ప్రకటించిన 'ది వేస్ట్ లాండ్', అనగా బీడుభూమి. ఆ మాటయో, మేము చిన్ననాడు తండ్రిగారి యొద్ద విన్న బృహదారణ్యకములోనిది! ప్రజాపతి "ద" యని యొక్క యక్షరమే యుపదేశింపగా, దేవతలు దమమనియు, మనుష్యులు దానమనియు, అసురులు దయ యనియు గ్రహించిరి. మేఘగర్జన నేటికిని దానినే పలుకుచున్నదని శ్రుతి.

ఎలియట్ అమెరికాలో సంస్కృతము చదివినవాడు. దానమును ముందు నిలిపి వరుస మార్చినాడు. ఏల మార్చెనో యని మే మిరువురము చీకటి పడువఱకు తర్కించితిమి. ఈ సీమయు 1800 లో నిజాము ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసిన దత్తమండలములలోనిదే కదా యని మే మనగా, పిల్ల దానిని వ్రాసికొనెను. ఆ కావ్యమున వాడిన యాకులు వానకై కాచుకొనియుండును, మబ్బులు దూరమున మూగును. అనంతపురపు పిల్లకు దానికి టీక యక్కఱలేదు.

మఱునాడు ఒంటిగనే బస్సెక్కితిమి. అన్నగారు వాకిటనే నిలిచి, "పిల్ల యేది?" యనిరి.

"చదువుచున్నది" అంటిమి.